తుఫాను తరవాత అక్క గీసిన ఆట

పోయిన నెల ఒక పొద్దున్న పెరట్లో పిండి రుబ్బుతుంటే మావారు వచ్చి గ్రైండరు స్విచ్చి ఆపేరు. "వదిన పోయిందట. అన్నయ్య ఫోన్ చేసేడు," అన్నారు. రాత్రి గుండెల్లో నొప్పంటే గ్యాసనుకుని వాము నీళ్లు తాగి పడుకుందట. తెల్లారేక ఆటోలో రాజోలు తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయిందట.

ఆవిడ నా తోటికోడలు. మా బావగారి భార్య. నేను కాపరానికి వచ్చిన రోజు నుంచీ అక్కా అనే పిలిచేను. మీరెవరూ ఆవిణ్ని ఎరగరు. ఎరిగినవాళ్లకి కూడా ఆవిడ గురించి తెలిసింది ఒక్కటే. ఆ రోజు శవం పక్కన కూర్చున్న ఆడవాళ్లందరూ అదే చెప్పుకుని ఏడ్చేరు: ఆవిడ చేతి చేపల పులుసు. నిజమే, పులుసు బాగానే పెట్టేది. కానీ ఒక మనిషి నలభై అయిదేళ్లు బతికి పోతే పులుసొక్కటే మిగిలిందా అని నాకు ఒళ్లు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

మా అక్క వీడియోగేములు ఆడేది. సరదాకి ఎప్పుడో ఒకసారి కాదు. మన కొంపల్లో మగపిల్లలు క్రికెట్ ఎంత ఇష్టంగా ఆడతారో అంత ఇష్టంగా ఆడేది.

బావగారు మస్కట్‌లో ఉండేవారు. రెండేళ్లకోసారి నెలరోజులు సెలవు మీద వచ్చేరంటే ఇంట్లో దుప్పట్లు, సెంటు సీసాలు, సబ్బుల వాసన. తొంభైల్లో అలా ఒకసారి వచ్చినప్పుడు కొడుకు కోసమని టీవీకి తగిలించే గేమ్ పెట్టె తెచ్చేరు. రెండు రిమోట్లు, ఒక పసుపుపచ్చ కేసెట్టు. మా పెద్దాడు, అంటే అక్క కొడుకు, అప్పటికి ఒకటో తరగతో రెండో తరగతో. ఆయన మళ్లీ విమానం ఎక్కేక, వాడికి నేర్పుదామని అక్క రిమోటు పట్టుకుంది. వాడు అక్కడే చాపమీద నిద్రపోయేడు. అక్క మాత్రం లేవలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యేక అత్తగారు పడుకునేవారు. మావారు టెలిఫోన్ ఆఫీసులో ఉండేవారు. ఆ రెండు గంటలూ మా ఇద్దరివీ. ట్యాంకుల ఆట ఒకటుండేది. ఇద్దరం కలిసి ఆడొచ్చు. అడుగున మన కోట ఉంటుంది. పైనుంచి శత్రువుల ట్యాంకులు దిగుతాయి. "నువ్వు కోట కాడుండు, నేను పైకెళ్లొస్తా," అనేది అక్క. నేను కంగారులో తప్పు బటన్లు నొక్కేసేదాన్ని. "కంగారు పడకే. అదీ మనలాగే దారి వెతుక్కుంటోంది, చూడు," అనేది. అత్తగారు లేస్తారని టీవీ సౌండు పూర్తిగా తగ్గించేసేవాళ్లం. చాలా ఏళ్ల తరవాత అమలాపురంలో ఒక ఇంటర్నెట్ సెంటరు ముందు నడుస్తుంటే లోపల్నుంచి అదే ఆట చప్పుడు వినిపించింది. దానికో సంగీతం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఇంతలో ఆ పెద్ద తుఫాను వచ్చింది. కోనసీమలో దాన్ని చూసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మా పెరట్లో కొబ్బరిచెట్లు ఒకదానిమీద ఒకటి పడిపోయేయి. కరెంటు స్తంభాలు పొలాల్లో నీళ్లల్లోకి వాలిపోయేయి. చాలా వారాలు కరెంటు లేదు. బడి లేదు. ఇంట్లో పిల్లలు, పక్కిళ్ల పిల్లలు, అందరూ మా అరుగు మీదే. భయంతో అర్ధరాత్రి లేచి ఏడ్చేవాళ్లు, పగలు కొట్టుకునేవాళ్లు.

ఒకరోజు అక్క సుద్దముక్క తీసుకుని అరుగు మీద గీతలు గీయడం మొదలెట్టింది. ముగ్గనుకున్నాను. కాదు. అడుగున రాజోలు సంత. పైన మా ఇల్లు. మధ్యలో గళ్లు గళ్లుగా గట్లు, కాలవలు, వంతెనలు, దారికడ్డంగా పడిపోయిన చెట్లు. రెండు గవ్వలు పెట్టింది. ఆ రెండు గవ్వలూ ఇద్దరు మనుషులు. సంత నుంచి బియ్యం బస్తా మోసుకుని ఇల్లు చేరాలి. ఇద్దరూ రెండేసి ఎత్తులు వేసేక నీళ్లు ఒక వరస పైకొస్తాయి. వచ్చినట్టు గుర్తుగా అక్క ఆ వరస మీద తడిగుడ్డతో తుడిచేసేది. తుడిచిన చోట ఇంక దారి లేదు.

"ఇద్దరూ చేరితేనే గెలుపు. ఒక్కళ్లు చేరితే లెక్కలోకి రాదు," అంది.

"ఒక్కడు గెలిచేది పెట్టమ్మా," అన్నాడు మా పెద్దాడు.

"అలాంటివి బోలెడున్నాయి నాన్నా. ఇది ఇంతే."

రోజూ దారులు మార్చేది. నిన్న గెలిచిన దారి ఇవాళ పనికొచ్చేది కాదు. పిల్లలు రాత్రి నిద్రలో ఏడవడం మానేసి, పడుకుని దారులు ఆలోచించుకునేవాళ్లు. ఆ తుఫానులో ఇల్లు పోగొట్టుకున్న ఒక పిల్ల మా అరుగు మీద ఆ బస్తా ఇల్లు చేర్చి చప్పట్లు కొడుతుంటే, అక్క మొహం పక్కకి తిప్పుకుంది. చివరికి మా అత్తగారు కూడా వచ్చి, "అటు కాదే, ఆ గట్టు మీంచి రానీ," అని స్వయంగా ఒక గవ్వ జరిపేరు. అప్పుడెవరూ తప్పనలేదు. పిల్లలకి కాలక్షేపం అన్నారు.

తప్పు ఆ తరవాత వచ్చింది. రాజోలు బస్టాండు దగ్గర వీడియోగేముల షాపు పెట్టేరు. వరసగా టీవీలు, ముందు బల్లలు, బల్లల మీద కుర్రాళ్లు. పిల్లల స్కూలు బ్యాగులకని వెళ్లి, అక్కా నేనూ దాని ముందు ఆగిపోయేం. మా పెద్దాడు మాతోనే ఉన్నాడు.

"బాబుకాండీ? పంపండి, కూర్చోబెడతాను," అన్నాడు షాపతను.

"బాబుక్కాదండి. నాకండి," అంది అక్క.

అతను నవ్వేడు. అక్క నవ్వలేదు. "ఆయ్, రండమ్మా," అని ఒక కుర్రాణ్ని లేపి చోటిచ్చేడు. అది కార్ల రేసు. పక్కన కూర్చున్న కాలేజీ కుర్రాడు మొదట వెటకారంగా ఆడేడు. తరవాత బల్లమీద ముందుకి జరిగి ఆడేడు. ఆ తరవాత మిగతా టీవీల దగ్గరి కుర్రాళ్లు లేచి వచ్చి అక్క వెనకాల నిలబడ్డారు. గెలిచేక అందరూ ఒక్కసారి అరిచేరు. "ఇంకోటి ఆడండాంటీ!" అన్నాడు ఓడినవాడే. అక్క పైట సర్దుకుని లేచింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది కానీ బయటికి చూళ్లేదు. తన చేతులకేసే చూసుకుంటూ, "విన్నావా, అరిచేరు," అంది నాతో.

ఇంకెవరో కూడా విన్నారు. మర్నాటికి మా అత్తగారి చెవిన పడింది. "మొగుడు ఆ ఎడారిలో ఎండిపోతుంటే నువ్వు బస్టాండులో కుర్రాళ్ల మధ్య కూచుని ఆటలాడతావా?" అన్నారు. నేను వెళదామంటేనే వెళ్లిందత్తా అన్నాను. ఆవిడ నాకేసి చూడనైనా చూళ్లేదు. ఆదివారం ఎస్టీడీ బూత్ నుంచి బావగారికి చెప్పేరు. బావగారు ఎక్కువ మాట్లాడలేదట. పిల్లాడి చదువు పాడవుతుంది, ఆ పెట్టె చెల్లెలి పిల్లలకి పంపించెయ్యండి అన్నారట.

అక్క ఆ పెట్టెని గుడ్డతో తుడిచి, వైర్లు చుట్టి, అట్టపెట్టెలో సర్ది తనే దారంతో కట్టింది. కట్టేసి వంటింట్లోకి వెళ్లి ఆ రోజు కూడా పులుసు పెట్టింది. అందరూ బాగుందన్నారు.

తరవాత మావారి బదిలీతో మేము అమలాపురం వచ్చేసేం. మా పెద్దాడు ఇంజనీరింగు చదివి హైదరాబాదులో సెల్‌ఫోన్లకి ఆటలు తయారుచేసే కంపెనీలో చేరేడు. ఆ కబురు చెప్పడానికి అక్క నాకు ఫోన్ చేసి, చెప్పకుండా చాలాసేపు నవ్వింది. వాడికి ఆ ఉద్యోగం రావడం ఇంట్లో అందరికీ జీతం. అక్కకి మాత్రం అది వేరే. ఆదివారం పేపర్లో గేముల గురించి ఏ ముక్క వచ్చినా చదివేది. వాడు ఫోన్ చేస్తే, "ఇప్పుడు రిమోటు గాల్లో ఊపితే చాలట కదరా, టీవీలో బ్యాటు ఊగుతుందట, చూసేవా?" అని అడిగేది. "నీకెందుకమ్మా అవన్నీ? మందులు వేసుకుంటున్నావా?" అనేవాడు వాడు. కొడుకులు ప్రేమగా అడిగే మాటే అది. నాకు మాత్రం అది అక్కని వంటింట్లో ఉంచి తలుపు మూసినట్టే వినిపించేది.

పోయినేడు వాడి ఆట ఒకటి బాగా పేరు తెచ్చుకుంది. సెలవుకి వచ్చినప్పుడు ఫోన్లో చూపించేడు. నేనూ అక్కడే ఉన్నాను. కొబ్బరితోటలు. కాలవలు. వంతెనలు. అడ్డంగా పడిపోయిన చెట్లు. వీపుమీద బస్తాతో ఒక మనిషి. ఆ మనిషి రెండడుగులు వేసేసరికి కింద నుంచి నీళ్లు ఒక వరస పైకొచ్చేయి.

అక్క ఫోను చేతిలోకి తీసుకుని ఆడింది. ఇల్లు చేరింది. తరవాత అడిగింది.

"రెండో మనిషేడిరా?"

"ఫోను ఒక్కళ్ల చేతిలోనే కదమ్మా ఉంటుంది," అన్నాడు వాడు.

"అవును కదా," అంది.

వాడు బయటికెళ్లేక, "ఇది నీదే కదక్కా!" అన్నాను. "నాదేంటే, తుఫానుది," అంది. ఫోను పట్టుకున్న చెయ్యి ఇంకా అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

కొన్నాళ్లకి పేపర్లో వాడి ఫొటో వేసి పెద్ద వ్యాసం రాసేరు. పల్లెటూరి నుంచి వచ్చి ఇంత పైకెదిగేడని మెచ్చుకున్నారు. ఆ ఆట ఆలోచన ఎక్కడిదంటే, తుఫాను రోజుల్లో ఒంటరిగా అరుగుమీద కూర్చుంటే తట్టిందన్నాడు. ఇంట్లోవాళ్లు ప్రోత్సహించేరా అంటే, లేదు, మా అమ్మ గేమ్ పెట్టె దాచేసి తిట్టేది, పాపం ఆవిడకి ఇవేమీ తెలీదు అన్నాడు. పేపరు మడవకుండానే ఫోన్ అందుకున్నాను. అక్కకి కలిపి, చూసేవా అన్నాను.

"చూసేను. ఫొటోలో చిక్కినట్టున్నాడు కదూ?"

"అదా నువ్వు చూసింది?"

"మా అమ్మ ఆడేదని ఎలా చెప్తాడే? నలుగురూ నవ్వరూ?" అంది. మళ్లీ తనే, "కానీ తిట్టేనని ఎందుకన్నాడో. నేనెప్పుడూ తిట్టలేదు కదే," అంది. ఆ గొంతు నా చెవుల్లోంచి ఇంకా పోలేదు.

పెద్దకర్మ రోజున వాణ్ని కొబ్బరికాయలు పోసిన కొట్టు పక్కకి పిలిచి అడిగేను. "ఏరా, పేపర్లో అలా ఎందుకు చెప్పేవు?"

వాడు ముందు అర్థం కానట్టు చూసేడు. తరవాత తల దించుకున్నాడు. "పేపరువాళ్లకి అలాంటి కథే కావాలి పిన్నీ. అమ్మ ఆడేది, అమ్మే గీసిందంటే నమ్మరు. అమ్మ తిట్టిందంటే నమ్ముతారు."

"నమ్మేరు. మీ అమ్మ కూడా చదివింది."

వాడు ఏడ్చేడు. చిన్నప్పుడు ఏడ్చినట్టే, నోరు తెరిచి. ఓదార్చడానికి నా చెయ్యి లేవలేదు. అబద్ధమెందుకు, ఇప్పటికీ లేవడం లేదు. వాడు చెడ్డవాడు కాడు. వాడు చెప్పింది నిజమే కూడా. అదే నాకు మింగుడుపడదు.

సాయంత్రానికి బంధువులు వెళ్లిపోయేరు. మస్కట్ వదిలి వచ్చేసినప్పటి నుంచీ ఇంటి దగ్గరే ఉంటున్న బావగారు టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఒక్కరే కూర్చున్నారు. ఆయనతో నేను ముఖాముఖీ మాట్లాడింది తక్కువ. మంచినీళ్లు తెచ్చిస్తే గ్లాసు అందుకుని, "అమ్మాయ్, నువ్వూ పెద్దాడూ మాట్లాడుకోవడం విన్నాను," అన్నారు. నేను తలుపు వైపు చూసేను.

"అమ్మ ఫోన్లో చెప్తే ఆ బస్టాండులో ఒక్కరోజే అనుకున్నాను. మీ అక్క నిజంగా రోజూ ఆడేదా?"

"ఆడేదండి. మా అందరికన్నా బాగా ఆడేదండి."

"తెచ్చింది నేనే. నేనెప్పుడూ చూళ్లేదే?"

"మీరు వస్తున్నారంటే తీసి లోపల పెట్టేసేదండి. మీరున్న నెలరోజులూ మీకు వండి పెట్టాలి కదండి."

ఆయన నీళ్లు తాగలేదు. టెంటువాళ్లు వచ్చి కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దోపి వ్యానెక్కించేరు. పట్టాలు చుట్టేరు. పైగుడ్డ విప్పేసేరు. ఒక్క కుర్చీ తక్కువొచ్చిందని వాళ్లలో ఒకతను వెనక్కి వచ్చి, ఆయన్ని లేవమని అడగలేక, కాస్త దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బావగారు నిండు గ్లాసు మోకాలి మీద పెట్టుకుని, విప్పేసిన పందిరి కింద, ఎండ మొహం మీద పడుతుంటే అలాగే కూర్చునున్నారు.