‘న’తో మొదలయ్యే మంచిమాటలు

పక్షవాతం వచ్చి మాట పడిపోయాక మా మామగారికి మొట్టమొదట తిరిగి వచ్చిన మాట ‘నాసిరకం’. ఆసుపత్రిలో పెట్టిన ఉప్మాను చూసి అన్నారు. పదకొండు రోజులుగా ‘నా... నా...’ అనడం తప్ప ఇంకేమీ పలకని మనిషి అంత స్పష్టంగా ఒక మాట అనేసరికి, నేనూ అత్తయ్యగారూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. తిట్టయితేనేం, మాట వచ్చింది. అత్తయ్యగారు పక్కకు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

మామగారిది జగ్గయ్యపేటలో పప్పుల హోల్‌సేల్ కొట్టు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కందులు, పెసలు, మినుములు వచ్చేవి. నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని, ఒకటి పంటికింద కొరికి, సరుకు ఎలాంటిదో తేల్చేసేవారు. సరుకు గురించి ఎంతసేపైనా మాట్లాడేవారు. మనుషుల గురించి మంచిమాట ఆయన నోట విన్న గుర్తు మాత్రం ఇంట్లో ఎవరికీ లేదు.

నేను నందిగామలో తెలుగు టీచర్ని. పెళ్లయిన కొత్తలో నన్ను ఉద్యోగం మానేయమన్నారు. నేరుగా నాతో అనలేదు. “కొట్టున్న ఇంటి కోడలు రోజూ బస్సెక్కి పోవడం ఏంటి?” అని అత్తయ్యగారితో అన్నారు, నాకు వినబడేలా. నేనూ అత్తయ్యగారితోనే చెప్పాను, ఆయనకు వినబడేలా: “బస్సు ఏడున్నరకండీ. వంట చేసే వెళ్తా.” ఆ తర్వాత పద్నాలుగేళ్లు మా ఇద్దరి మాటలూ దాదాపు అలాగే, అత్తయ్యగారి మీదుగా నడిచాయి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చే ముందు, అక్కడి స్పీచ్ థెరపిస్టు నన్ను కూర్చోబెట్టి చెప్పింది. చిన్నపిల్లే, పాతికేళ్లు ఉంటాయేమో.

“మాటలు ఎక్కడికీ పోలేదండి. లోపలే ఉన్నాయి, బయటికొచ్చే దారి దెబ్బతింది. మనం అనేది ఆయనకు అర్థమవుతోంది. రోజూ ఒక అరగంట, ఒక్క అక్షరం పట్టుకుని మాటలు రప్పించండి. ఆయనకు ‘న’ తేలిగ్గా పలుకుతోంది, దాంతోనే మొదలెట్టండి. మీరు మాత్రం అందివ్వకూడదు. ఆయన వెతుక్కోవాలి.”

మావారికి కొట్టుతోనే సరిపోయేది. అత్తయ్యగారేమో ఆయన నోరు తెరిచేలోపే తనే జవాబు చెప్పేసేవారు. అలా ఆ పని నా మీద పడింది. సాయంత్రం బస్సు దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, నోటుబుక్కు తీసుకుని వరండాలో ఆయన కుర్చీ పక్కన కూర్చునేదాన్ని.

మొదటివారం వచ్చిన మాటలన్నీ రాసి ఉంచాను. నాసిరకం, నంగనాచి, నీచం, నిర్లక్ష్యం, నత్తనడక. నక్కతో మొదలైనవి మరో రెండు. వీడియో కాల్‌లో ఆ జాబితా చదివి వినిపిస్తే థెరపిస్టు నవ్వింది.

“చాలామందికి అంతేనండి, కోపంలో వాడేవే ముందొస్తాయి. ఇకనుంచి మంచివే అడగండి, మెచ్చుకునే మాటలు. అర్థం కూడా ఆయన్నే చెప్పమనండి. దానికోసం ఇంకో నాలుగు మాటలు వెతుక్కుంటారు కదా.”

మర్నాడు అలాగే అడిగాను. ఆయన చాలాసేపు ఎదురుగోడ వైపు చూశారు. ఏమీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు నేను వంటింట్లోంచి ఒక పళ్లెంలో కందులు తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. కుడిచెయ్యి ఇంకా లేవడంలేదు. ఎడంచేత్తో గుప్పెడు తీసుకుని, బొటనవేలితో గింజల్ని అటూ ఇటూ దొర్లించారు.

“నా... నాణ్యం.”

“అంటే ఏంటి మామయ్యగారూ?”

“పుచ్చు... లేదు.”

ఆ సాయంత్రమే ఇంకో రెండు వచ్చాయి. నికార్సు అంటే “కల్తీ... లేదు” అన్నారు. నిండు అన్నప్పుడు ఒక గింజను పంటితో కొరికి చూపించారు. “లోపల... ఖాళీ... లేదు.” విశేషణాలు అని బోర్డు మీద రాసి ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను. నిండు అనే మాటకు అంత మంచి అర్థం నేనెప్పుడూ చెప్పలేదు.

వస్తువులకు అలవాటుపడ్డాక మనుషుల దగ్గరికి వచ్చాం. అది కష్టమైంది. బంధువుల్లో ఒక్కొక్కరినీ తలుచుకోమంటే తల అడ్డంగా ఊపేవారు. ఒకరోజు అత్తయ్యగారు కాఫీ తెచ్చి నిలబడితే, “అత్తయ్యగారికి ఒకటి చెప్పండి” అన్నాను. ఆయన ఆవిడవైపు చూశారు. గ్లాసు మీద ఆవిరి తగ్గేదాకా చూశారు.

“ని... నిదానం.”

అత్తయ్యగారు నావైపు తిరిగి, “అంటే మందం అని. నలభై ఏళ్లుగా అంటున్నదేగా” అన్నారు.

ఆయన చిరాకుగా కుర్చీ చేతిమీద కొట్టారు. “కాదు. పాలు.”

మాకు అర్థం కాలేదు. ఆయన కళ్లు మూసుకుని మళ్లీ వెతుక్కున్నారు. “పాలు... పొంగ... పొంగనివ్వదు.”

అత్తయ్యగారు కాఫీ గ్లాసు ఆయన ఎడంచేతిలో సరిగ్గా ఇమిడేలా పెట్టి లోపలికి వెళ్లారు. మర్నాటి నుంచి ఆ వేళకు చిక్కుడుకాయల చాట తెచ్చుకుని ఆవిడ కూడా మా పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు. జవాబులు చెప్పడం మాత్రం మానేశారు.

చలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం కొట్లో కాటా వేసే ఆయన వచ్చాడు. గరికపాడు మనిషి. ఇరవయ్యారేళ్లుగా మా కొట్లోనే బస్తాలు తూస్తున్నాడు. మామగారి చేత రోజూ తిట్లు తిన్న మనిషి కూడా ఆయనే. కాటా దగ్గర నెమ్మదైతే తిట్టు, తొందరపడితే తిట్టు. చెప్పులు మెట్లకింద విడిచి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“అయ్యగారికి చెప్పిపోదామని వచ్చానమ్మా. చిన్నయ్యగారికి పొద్దున చెప్పేసా” అన్నాడు నాతో. తర్వాత మామగారి వైపు తిరిగి, చేతులు కట్టుకున్నాడు. “మూటలు లేపలేకపోతున్నానండి. నడుం పట్టేస్తోంది. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచేకాడ పని ఉందంటే అడిగా. రమ్మన్నారు. కూర్చుని చేసే పనండి. సోమారం నుంచి పోతా.”

మామగారి ముఖం ఎర్రబడింది. పెదవులు కదిలాయి. “నా... నా...” అన్నారు. మొదటివారం జాబితా అంతా నా కళ్లముందు తిరిగింది. ఆయన ఏది అన్నా ఎలా సర్దిచెప్పాలా అని ఆలోచిస్తున్నాను. ఆ మనిషి మాత్రం ఎప్పటిలాగే తల వంచుకుని, తిట్టు కోసం ఆగినట్టు నిలబడ్డాడు.

“నమ్మ...” అన్నారు మామగారు. మాట అక్కడ ఆగిపోయింది. ఆయన మెడ నరాలు పైకి తేలాయి. మాట అందివ్వబోయిన అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని ఆపాను. చాటలో చిక్కుడుకాయలు కొన్ని జారి కిందపడ్డాయి. ఎవరూ తీయలేదు.

“నమ్మకస్తుడు.”

ఆ మనిషి తలెత్తి నావైపు చూశాడు. “ఎవరి గురించి అంటున్నారమ్మా?”

“మీ గురించేనండి.”

మామగారికి అర్థం చెప్పడం అప్పటికే అలవాటైపోయింది. నేను అడక్కుండానే మొదలుపెట్టారు. “తాళాలు... ఇచ్చా. ఇంటికి... వచ్చా. నిద్ర... పోయా.”

ఆ మనిషి మెట్టుమీద కూర్చుండిపోయాడు. కొంచెంసేపటికి, నేలవైపు చూస్తూ, మామూలు గొంతుతోనే అన్నాడు: “ఇన్నేళ్లలో ఒక్కసారన్నా ఈ మాట అనుంటే బాగుండేదండి.”

“అవును” అన్నారు మామగారు.

అత్తయ్యగారు టీ పెట్టారు. ఆ మనిషి తాగి లేచి వెళ్తుంటే మామగారు మణికట్టు పట్టుకుని కొంతసేపు వదల్లేదు. ఆ మాట విని ఆగిపోతాడేమోనని నేను లోపల ఆశపడ్డాను. ఆగలేదు. సోమవారం ముక్త్యాల వెళ్లిపోయాడు. నడుం నొప్పి మాటతో తగ్గదు కదా.

ఆయన వెళ్లిన మర్నాడు నందిగామ వెళ్లే బస్సులో, చిల్లకల్లు దాటాక నాకు నా సంగతే గుర్తొచ్చింది. ఆయన్ని అందరికీ మంచిమాటలు చెప్పమని అడుగుతున్నాను. మరి ఆయన గురించి నేను ఒక్కటైనా అన్నానా? పద్నాలుగేళ్లలో ఆయన గురించి మా అమ్మతో, తోటి టీచర్లతో నేను వాడిన మాటలు కూడా దాదాపు ఆ మొదటివారం జాబితాలోవే. స్కూలు వచ్చేదాకా వెతికాను. పాతికేళ్లుగా మా మీద నమ్మకంతో సరుకు దింపిపోయే రైతులు గుర్తొచ్చారు. తూకంలో తేడా ఉందని ఎవరూ మా గుమ్మం ఎక్కి అడిగింది లేదు.

ఆ సాయంత్రం నోటుబుక్కు తెరవకుండానే చెప్పాను. “ఇవాళ నా వంతు మామయ్యగారూ. మీకు ‘నిక్కచ్చి’ అని అనుకున్నా.”

ఆయన అనుమానంగా చూశారు. “అది... మంచిదా?”

“మంచిదేనండి. అర్థం మీరే చెప్పండి.”

చాలాసేపు పట్టింది. ఎడంచేతి చూపుడువేలు నిటారుగా నిలబెట్టి, అటూ ఇటూ ఊపి, మధ్యలో ఆపారు. “కాటా... ముల్లు... మధ్యలో.” తర్వాత అదే వేలు నావైపు తిప్పారు. “నువ్వూ.”

నేను తల ఊపాను. నోటుబుక్కు తెరిచి ఆ మాట రాసుకున్నాను.

ఇది జరిగి రెండేళ్లవుతోంది. మామగారు ఇప్పుడు పొద్దున పూట ఒక గంట కొట్టుకు వెళ్లి కూర్చుంటున్నారు. చిన్నచిన్న వాక్యాలు వస్తున్నాయి. కోపం వస్తే తిట్లే ముందు వస్తాయి, అందులో మార్పేమీ లేదు. ముక్త్యాల నుంచి కాటా వేసిన ఆయన సెలవు దొరికినప్పుడు వస్తుంటాడు. ఇద్దరూ కూర్చుని ఈ ఏడు కందులు ఎలా ఉన్నాయో చెప్పుకుంటారు. మామగారి మాట పూర్తయ్యేదాకా ఓపిగ్గా ఆగడం మాకంటే అతనికే బాగా వచ్చు.

‘న’ అయిపోయి ‘మ’ మొదలుపెట్టాం. దానికి పెదవులు రెండూ కలవాలి, కుడిపక్క ఇంకా సరిగ్గా మూసుకోవడం లేదు. నిన్న భోజనం దగ్గర “మంచి” అని ఆగిపోయారు. ఎవరు మంచి అని అత్తయ్యగారు అడిగారు. ఆయన ఆవిడవైపు ఒకసారి చూసి, నీళ్ల చెంబు వైపు చెయ్యి చూపించారు.