సూదిని చూపించిన రాజు

పాప నిద్రపోయాక నేను రాసుకుంటున్న కథలో ఒక రాజు ఉన్నాడు. ఆయన రాజ్యం నేల మీద లేదు. నక్షత్రాల మధ్య పోతున్న ఒక పెద్ద ఓడలో ఉంది. కూతురు పుట్టిన రోజే ఓడలోని యంత్రం చెప్పేసింది, పదహారో ఏట ఈ పిల్లకు సూది గుచ్చుకుంటుందని, నూరేళ్లు నిద్రపోతుందని. రాజు ఓడలోని సూదులన్నీ ఏరించి బయటి చీకట్లోకి విసిరేయించాడు. అప్పటినుంచి అక్కడ బట్టలు జిగురుతో అతికించుకోవడమే. అందరం చిన్నప్పుడు విన్న నిద్రపోయే రాజకుమారి కథే. పెద్దపిల్లల కోసం కొత్తగా రాస్తున్నాను.

నా మొదటి పాఠకురాలు పై వాటాలో ఉండే తొమ్మిదో తరగతి అమ్మాయి. వాళ్లమ్మ కార్‌చోబ్ పని చేస్తుంది. చెక్క చట్రానికి బిగించిన బట్ట మీద సూదితో జరీ కుడుతుంది. ఉప్పుగూడలో మా రెండు ఇళ్లకూ మధ్య ఉన్నది మెట్లు మాత్రమే. ఆ పిల్ల మెట్ల మీదే కూర్చుని కాగితాలు చదివి నవ్వింది.

"ఆంటీ, మీ రాజు మస్తు పాగల్ ఉన్నడు."

"ఎందుకే?"

"సూదులు పారేసిండు, సరే. బిడ్డకు సూది అంటే ఏందో చెప్పిండా? చెప్పలే. రేపు ఏడనో ఒకటి మెరుస్తది, గదేందో అని ముట్టుకుంటది. మా తమ్ముడిని చూడుండ్రి, పాకేటప్పటి సంది మా అమ్మీ పక్కనే ఆడుతడు. ఇంటినిండ సూదులే. అమ్మీ దాచలే, చూపెట్టింది."

నాకు నవ్వు రాలేదు.

మా పాపకు ఐదేళ్లు. రెండేళ్లప్పుడు పల్లీ చట్నీ నాలుకకు తగలగానే పెదవులు ఉబ్బాయి, ఊపిరి ఈలలా మారింది. ఆసుపత్రి చేరేదాకా ఆటోలో ఆ ఈలనే విన్నాను, ఎక్కడ ఆగిపోతుందోనని. మళ్లీ తగిలితే ఇంకా ప్రమాదం కావచ్చన్నారు డాక్టరు. ఆ రోజు నుంచి మా గడప లోపలికి పల్లీ గింజ రాలేదు. "పల్లీలు లేని చట్నీ గూడ ఒక చట్నీయేనా?" అని సణుగుతూనే అత్తమ్మ కూడా మానేసింది. ఎవరు పిలిచినా పాపకు జలుబనో కడుపునొప్పి అనో చెప్పి తప్పించేదాన్ని. పల్లీ ఎలా ఉంటుందో పాపకు తెలియదు. పాప ముందు ఆ మాట కూడా అనేవాళ్లం కాదు.

ఆ వారమే పై వాటా బాబుకు బిస్మిల్లా, చదువు మొదలుపెట్టించే వేడుక. వాళ్లమ్మ స్వయంగా పిలవడానికి దిగివచ్చింది. "మీ పాప పక్కన కూసోకుంటే మావోడు నోరిప్పడంట." ఈసారి జలుబు అనలేకపోయాను. పల్లీల సంగతి చెప్పాను. "ఫికర్ చెయ్యకు చెల్లే, పాపకు వేరే పెడ్త," అంది.

మర్నాడు స్టేషన్ దగ్గర బండి మీద పల్లీలు కొని, మూత బిగించిన గాజుసీసాలో పోసి, ఇవి తింటే నీకు ఊపిరి ఆగుతుందని పాపకు చూపించాను. "ఇంత చిన్నగుంటయా?" అంది నిరాశగా. నా భయం అప్పుడే రెట్టింపయింది. సూది కంటికి కనిపిస్తుంది. నూరి కూరలో కలిపిన పల్లీ కనిపించదు.

"చూస్తే తెల్వదమ్మా. ఎవరు పెట్టినా ముందు అడగాలె. వద్దన్నవని ఎవ్వరు కొట్టరు."

ఆ సాయంత్రమంతా బొమ్మకు అన్నం పెడుతూ అదే ఆట ఆడాం.

వేడుక రోజు డాబా మీద భోజనాలకు పొడవాటి దస్తర్‌ఖాన్ పరిచి, దానికి అటూ ఇటూ ఆడవాళ్లను కూర్చోబెట్టారు. పిల్లలు అవతలి కొసన. డాక్టరు రాసిచ్చిన ఇంజెక్షన్ నా సంచిలో ఉంది. దాని మీంచి చెయ్యి తీయకుండా కూర్చున్నాను. ఇంటావిడ మాట తప్పలేదు, పాపకు తెల్లన్నం, పెరుగు పెట్టి వెళ్లింది. చుట్టపుచూపుగా వచ్చిన ఒక ముసలామె అది చూసింది.

"అయ్యో, దావత్‌ల పెరుగన్నమా!"

బగారా అన్నంలో మిర్చీ సాలన్ కలిపి, ముద్ద చేసి పాప నోటి దగ్గర పెట్టింది. ఆ సాలన్ చిక్కదనమంతా నూరిన పల్లీలదే. పెద్దవాళ్లు చేత్తో పెట్టిన ముద్దను కాదనడం వాళ్లింట్లో లేదు, మా ఇంట్లోనూ లేదు.

లేవబోయాను. చీరకొంగు పక్కావిడ మోకాలి కింద చిక్కుకుంది. దాన్ని లాక్కుంటూ కేకేశాను, ఆ సందడిలో ఎవరికీ వినపడలేదు.

పాప రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ల సందుల్లోంచి అడిగింది.

"నానీ, గిండ్ల పల్లీలు ఉన్నయా?"

"పల్లీలు లేంది సాలన్ ఎట్లయితది బేటా? తిను, తిను."

"ఒద్దు. నాకు ఊపిరి బంద్ అయితది."

"ఒక్క ముద్దకు ఏమైతదే?"

"ఒద్దంటే కొట్టొద్దు. మా అమ్మ చెప్పింది."

ముసలామె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "నేనెందుకు కొడ్తనే, తల్లీ!" అంటూ ఆ ముద్ద తన నోట్లోనే పెట్టుకుంది. అప్పటికి నేను పిల్లల దాకా చేరాను. సంగతి చెప్పగానే ఆమె లేచి వెళ్లింది, తిరిగొచ్చి పాప ముందు రెండు అరచేతులూ చాపింది. "సబ్బుతోని కడిగిన, చూస్కో." పాప వాసన చూసి మరీ ఒప్పుకుంది. ఆ తర్వాత డబుల్ కా మీఠాలో ఉన్నాయా అని అడిగింది, మంచినీళ్లలో ఉన్నాయా అని అడిగింది. పక్కనున్న బాబు కూడా అందుకున్నాడు, "బర్ఫ్ గడ్డల ఉన్నయా? ప్లేట్ల ఉన్నయా?" అందరూ నవ్వుతుంటే నేను మాత్రం పాప పెదవులే చూస్తూ కూర్చున్నాను.

ఆ అధ్యాయం తిరగరాశాను. ఇప్పుడు రాజు ఒక్క సూదిని దాచి ఉంచి, కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని దాన్ని చూపిస్తాడు. పై వాటా అమ్మాయి చదివి పెదవి విరిచింది.

"గిట్లయితే ఈమె నిద్రే పోదు కద ఆంటీ. ఇంక కథేముంటది?"

ఏముంటుందో నాకూ తెలియదు. పక్కన పాప ఊపిరి వింటూ, పదిహేడో ఏట ఆ రాజు కూతురు ఏం చేస్తుందో ఇప్పుడే రాయడం మొదలుపెట్టాను.