కృత్తికలు పొడిచిన వేళ

సూర్యప్రభ తన భర్త కేశవరావును కళ్ళారా చూసేది ఆయన వెనుదిరిగి లిఫ్టు వైపు నడిచేటప్పుడే. ఎదురుగా ఉంటే ఆమె చూపు ఆయన చొక్కా గుండీ దగ్గరే ఆగిపోతుంది. ఆమెది కృత్తికా నక్షత్రం. అది అగ్ని నక్షత్రమనీ, ఈ పిల్ల ఎవరిని ప్రేమిస్తే వాళ్ళకు సెగ తప్పదనీ చిన్నప్పుడు తణుకులో ఒక సిద్ధాంతి అన్నాడు. ఆ ఏడే తండ్రి పోయాడు. గల్ఫులో, మనామాలో ఇన్నేళ్ళ కాపురంలో ఆమె భర్తకు ఇష్టమైన కూరలన్నీ వండింది గాని, ఇష్టంగా ఒక్క మాట అనలేదు.

మొన్న సాయంత్రం కూతురు తన్మయి కాలేజీ పుస్తకంలోంచి ప్రాచీన గ్రీకు ప్రేమగీతం ఒకటి చదివి అర్థం చెప్పింది. అందులో ఒకామె కృత్తికలను చూస్తూ ప్రియుడి కోసం కాచుకుని ఉంటుంది.

"అతనొచ్చాడా?" అంది సూర్యప్రభ.

"తెలీదమ్మా. మిగతా పాట దొరకలేదంట."

ఊరవతల ఎడారిలో కట్టడం పని జరుగుతున్న సఖీర్ సైటు నుంచి కేశవరావు రావలసిన వేళ అప్పటికే దాటింది. ఫోను మోగుతోంది గాని ఎత్తడం లేదు. బాల్కనీలోంచి చూస్తే తూర్పున కృత్తికలు గుత్తిగా పొడిచి ఉన్నాయి. పాట వింటూ లోలోపల ఆయన్నే తలుచుకున్నందుకు తనను తాను తిట్టుకుంది.

చివరికి తలుపు తెరుచుకుంది. "దారిలో టైరు పోయింది. మారుస్తుంటే ఫోను కార్లోనే ఉండిపోయింది" అన్నాడు కేశవరావు.

"మీరు లేకపోతే నేను బతకలేనండీ" అనేసింది సూర్యప్రభ. అన్నాక నాలుక కరుచుకుంది.

"ఏమైంది ప్రభా?"

ఆమె ఆయన మణికట్టు పట్టుకుని, నాడి కొట్టుకుంటోందో లేదో చూస్తూ గుమ్మంలోనే నిలబడిపోయింది.