రాగి వాషర్ల హారం

మా ఆయన ఫిషింగ్ హార్బర్లో బోటు ఇంజన్ల మెకానిక్. ఆయన పారేసే పాత రాగి వాషర్లు ఏరి, చింతపండుతో తోమి, వలతాడుకి గుచ్చి, బొడ్డుదాకా వేలాడే హారం చేసుకున్నాను. ఎనభైల్లో మా మల్కాపురం మొత్తమ్మీద అలాంటిది నాకొక్కదానికే ఉండేది.

దాన్ని వేసుకుని మా మరిది పెళ్లికెళ్లాను. ఆడపడుచు అందరి నగల్నీ చేత్తో ఎత్తి బరువు చూసినట్టే దీన్నీ చూసి, "ఏటొదినా, బోటు ఇప్పి మెళ్లో ఏసుకున్నావా?" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

సరిగ్గా తలంబ్రాల వేళ జనరేటర్ ఆగిపోయింది. డీజిల్ పైపు దగ్గర వాషర్ పోయిందట. మా ఆయనా, ఆయనతో పనిచేసే మెకానిక్కులూ పెళ్లికొడుకుని చీకట్లో వదిలేసి, టార్చిలైట్లతో నా మెడ చుట్టూ మూగారు. "కదలకు సెల్లెమ్మా" అని ఓ మెకానిక్ అంటుండగా ఒక్కో వాషర్లోకీ ఆ పైపు బోల్టు దూర్చి చూశారు. ఆడపడుచు బంగారం వంక ఒక్కడూ చూడలేదు. సరిపోయినదాన్ని పట్టుకుపోయి, కాలిస్తే రాగి మెత్తబడి డీజిల్ కారకుండా పట్టేస్తుందని వంటవాళ్ల పొయ్యిలో ఎర్రగా కాల్చారు. చీకట్లో నీళ్ల బకెట్టు దొరక్క మజ్జిగలో ముంచి బిగించారు. లైట్లు వెలిగాయి. జనం జనరేటర్‌కి చప్పట్లు కొట్టారు. నాకు కాదు.

అప్పట్నుంచీ మా వీధిలో ఎవరింట పెళ్లయినా పిలవడానికొచ్చినవాళ్లు నాకు బొట్టు పెట్టి, హారాన్ని పిలిచేవాళ్లు.

"దాన్ని మాత్రం తప్పకుండా పంపు పిన్నీ. వీలైతే నువ్వూ రా."