రెండు నొక్కినా ఏమనుకోను

మా తోటికోడలు చనిపోయింది. కోదాడ నుంచి ఆమె కోడలు ఫోన్ చేసినప్పుడు నేను సూర్యాపేటలో మా ఇంట్లో పాలు కాస్తున్నాను. "పెద్దత్తమ్మా, అత్తమ్మ లేదు" అంది. ఎటు పోయింది అని అడిగాను. ఆ పిల్ల ఏడుస్తుంటే కూడా నాకు అర్థం కాలేదు. తెల్లవారుజామున బాత్రూం దగ్గర పడిపోయిందట. దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందట. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రం ఏడింటికే ఆమె గొంతు నా ఫోన్‌లో పలికింది. తిన్నరా అని అడిగింది, గోలి ఏసుకోండ్రి అంది. అట్లా అడిగిన మనిషి తెల్లారేసరికి లేకుండా ఎట్లా పోతుంది?

ఆ గొంతు సంగతి తెలియనివారికి ముందు అది చెప్పాలి.

ఆమె మా మరిది భార్య. ప్రభుత్వ దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మాలాంటివాళ్ళం కొందరం కలిసి ఒక చిన్న సేవాసంఘం నడుపుతున్నాం. బీపీ, షుగరు ఉన్న పల్లెటూరి పెద్దలు మందులు మానకుండా చూడటం మా పని. మిర్యాలగూడలో రైస్ మిల్లుల పక్కన మాకొక గది ఉంది. అక్కడ నేను సంఘం జమాఖర్చులు చూస్తాను. ఆమె ఊళ్ళు తిరిగేది. అనంతగిరి, పాలకీడు, చివ్వెంల, ఎక్కడికైనా బస్సులోనే. ఎవరింటికి పోయినా ముఖం చూడకముందు కాళ్ళు చూసేది. వాపు ఉంటే ముందు కాళ్ళే చెప్తయని అనేది. పలకరింపు మాత్రం ఒకటే, "తిన్నవా?"

ఎంత తిరిగినా రోజూ అందరి గడపా తొక్కలేం. అందుకని ఫోన్లు మొదలుపెట్టాం. మా గదిలో కంప్యూటర్ పని చూసే ఇంజనీరు పిల్ల ఒకామె ఉంది. సాయంత్రం ఏడింటికి అందరికీ దానంతటదే ఫోన్ పోయేటట్టు ఆమె ఏర్పాటు చేసింది. బటన్ల ఫోను ఉన్నా చాలు. మందు వేసుకుంటే ఒకటి నొక్కాలి, వేసుకోకపోతే రెండు. మొదట్లో ఏదో మిషన్ గొంతు పెట్టారు. "ప్రియమైన లబ్ధిదారులారా" అని మొదలయ్యేది. అప్పులిచ్చే కంపెనీవాళ్ళనుకుని అందరూ కట్ చేశారు. పాలకీడులో ఒక తాత "మాకు లోన్ వద్దు బిడ్డా" అని దానికి మర్యాదగా జవాబు కూడా చెప్పాడట.

అప్పుడు మా తోటికోడలు తన గొంతు ఇచ్చింది. ఆ రోజు నేను గదిలోనే ఉన్నాను. రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి మైకు ముందు కూర్చుంది. "తిన్నరా? తింటె గోలి ఏసుకోండ్రి. లేచి నీళ్ళు తెచ్చుకోండ్రి, నేను ఆగుత" అంది. అని ఊరుకుంది. మేమందరం ఆమె వైపు చూస్తున్నాం. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా ఉన్నవాళ్ళెవరో నీళ్ళకు లేచిపోతే వాళ్ళ వంటింటి దిక్కు చూస్తున్నట్టే కూర్చుంది.

"ఆ ఖాళీ తీసేస్తానండీ" అంది ఇంజనీరు. "ఫోన్ కట్ అయిందనుకుంటారు."

"తియ్యకు. ఆగుత అన్నంక ఆగాలె గద" అంది మా తోటికోడలు.

ఆ ఖాళీ అట్లాగే ఉండిపోయింది. జాగ్రత్తగా వింటే అందులో పక్కనున్న మిల్లు రొద, ఆమె ఊపిరి, మధ్యలో ఒకసారి గాజుల చప్పుడు వినిపిస్తాయి.

మొదటి నెల చూస్తే కంప్యూటర్ అందరూ మందులు వేసుకుంటున్నారని చెప్పింది. ఎవ్వరూ రెండు నొక్కలేదు. మేము సంతోషించాం. ఆమె సంతోషించలేదు. "అందరు ఏసుకుంటున్నరంటె నాకు నమ్మబుద్ధి అయితలేదక్కా" అని మరునాడే అనంతగిరికి బస్సెక్కింది. నన్నూ లాక్కుపోయింది. అక్కడ ఒకామె అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. గోలీల పట్టీ నిండుగా ఉంది.

"ఒకటి నొక్కినవ్ గద పెద్దమ్మా. మరి గోలీలు గిట్లనే ఉన్నయేంది?"

"నువ్వు అంత మంచిగ అడుగుతుంటె లేదని ఎట్ల చెప్తం బిడ్డా? నీ మనసు నొవ్వదా?"

బస్సులో తిరిగి వస్తుంటే ఆమె "లేదనే మాట మనోళ్ళకు నోట్లకెల్లి రాదక్కా. దానికి దారి మనమే ఇయ్యాలె" అంది. మరుసటి రోజు మళ్ళీ మైకు ముందు కూర్చుని చివర ఇంకొక మాట చేర్చింది. "ఇంక ఏసుకోకపోతె రెండు నొక్కుండ్రి. రెండు నొక్కినా నేనేమనుకోను. అర్ధగంటకు మల్ల చేస్త."

ఆ వారంలోనే రెండు నొక్కేవాళ్ళు బయటపడ్డారు. అర్ధగంటకు రెండోసారి ఫోన్ పోతే చాలామంది వేసుకున్నారు. వేసుకోనివాళ్ళ ఊరికి ఆమె పోయేది. మా సంఘం చేసిన పని అంతా ఇంతే. కంప్యూటర్ ఫోన్ చేస్తుంది. ఏమనుకోను అన్న మాట మాత్రం ఆమెది.

ఇప్పుడు ఆమె పోయిన రోజు సంగతి. విదేశం నుంచి కూతురు రావాలని శవాన్ని చలిపెట్టెలో ఉంచారు. కోదాడలో వాళ్ళ ఇంటి ముందు టెంటు వేశారు. ఆమె చూసుకున్న ఊళ్ళవాళ్ళు ఆటోల్లో వచ్చారు. నేను ఆమె తల దగ్గర కూర్చున్నాను. పొద్దు గూకింది. ఏడింటికి ఫోన్లు ఆపమని ఆఫీసుకు చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

ముందు ఒక ముసలామె కొంగుముడిలో మోగింది. తరువాత ఆమె పక్కన. తరువాత టెంటు కింద నాలుగు దిక్కులా. ఏమైందో తెలియక కొందరు ఎత్తారు. "తిన్నరా?" అని ఆమె గొంతు అన్ని ఫోన్లలోంచి, ఒకదాని వెనుక ఒకటిగా వచ్చింది. ఏడ్చేవాళ్ళు ఏడుపు ఆపారు. ఒకామె చలిపెట్టె వైపు చూసింది. నేనూ చూశాను. లెక్కలు చెప్పిన మనిషిని, కంప్యూటర్ సంగతి తెలిసినదాన్ని, నేను కూడా చూశాను. "నీళ్ళు తెచ్చుకోండ్రి, నేను ఆగుత" అని గొంతు ఆగిపోయింది. ఆ ఖాళీలో ఎవరూ కదలలేదు. ఇంతలో లోపల అలమారలో ఆమె ఫోను కూడా మోగడం మొదలైంది.

అవును, నాకున్నట్టే ఆమెకూ బీపీ ఉంది. ఆమె పేరు కూడా అందరితోపాటే ఉంది.

కోడలు పోయి ఆ ఫోను తెచ్చింది. నా చేతికిస్తూ, "రోజు గిట్లనే మోగేది పెద్దత్తమ్మా. తన గొంతు తనే ఇని నవ్వుకుంట ఒకటి నొక్కేది" అంది.

మూడో రోజున ఆ పిల్లే నన్ను పక్కకు పిలిచింది. అత్త ఊళ్ళకు పట్టుకుపోయే చేసంచి జిప్పు తీసి చూపించింది. లోపల ఆమె బీపీ గోలీల పట్టీలు. ఒక్కటి కూడా చింపలేదు. గోలీలు బియ్యం డబ్బా మూత మీద పెట్టుకోండి, అన్నం వండేటప్పుడు కనపడతాయి అని ఊరూరా చెప్పిన మనిషి తనవి జిప్పు వేసి దాచింది.

"ఎందుకు మానిందే?" అని అడిగాను.

"ఆ గోలి ఏసుకుంటె కాళ్ళు వాస్తున్నయని ఒకసారి అన్నది. డాక్టర్ కాడికి పోయి మార్పిచ్చుకుందాం అత్తమ్మా అంటె, చూద్దాం తియ్ అన్నది. ఇగ నేను మళ్ళ అడగలే."

అందరి కాళ్ళూ చూసేది ఆమె. ఆమె కాళ్ళు మేము ఎవరం చూడలేదు. గోలీలు మానడం వల్లే పోయిందా అని డాక్టరును అడిగాను. అదొక్కటే అని చెప్పలేనన్నాడు, కాదని కూడా అనలేదు. తెలిసినంతే ఇక్కడ రాస్తున్నాను.

ఈ సంగతి దాగలేదు. దాచమని నేనూ చెప్పలేదు. వారం తిరిగేసరికి ఊళ్ళకు పాకింది. ఏడింటి ఫోన్‌కు జవాబులు తగ్గిపోయాయి. మిర్యాలగూడ గదిలో కూర్చున్నాం. మా అధ్యక్షుడు, రిటైరైన పోస్టుమాస్టరు, గొంతు మార్చేద్దామన్నాడు. "పోయినామె మాట రోజు ఇనపడుడు మంచిగుండదమ్మా. జనం భయపడుతున్నరు."

ఇంజనీరు ఇంకో దారి చెప్పింది. "ఆమె గొంతు మన దగ్గరుంది కదండీ. కంప్యూటర్‌కు నేర్పిస్తే మనం ఏం రాసిచ్చినా ఆ గొంతుతోనే చదువుతుంది. 'నేను గోలీలు మాని పోయాను, మీరు మానొద్దు' అని ఆమే చెప్పినట్టు చెప్పించొచ్చు. బాగా పనిచేస్తుందండీ."

"ఆ మాట ఆమె చెప్పిందా?" అని అడిగాను నేను.

"లేదండీ."

"మరి ఆమె చెప్పని మాట ఆమె నోట్ల ఎట్ల పెడతవమ్మా?"

ఆ పిల్ల తల దించుకుంది. మంచి పిల్లే. ఏడుస్తూనే ఆ దారి చెప్పింది.

"పోనీ జనాన్నే అడుగుదాం. ఈ గొంతు ఉండాలంటె ఒకటి, వద్దంటె రెండు" అన్నాడు పోస్టుమాస్టరు.

"అందరు ఒకటే నొక్కుతరు" అన్నాను. ఆమె పోయిన తరువాత ఆ గదిలో మేము నవ్వింది అప్పుడే.

అందుకని బస్సెక్కి నేనే పోయాను. పాలకీడులో ఒక ఇంటి ముందు కొందరు చేరారు. లోన్ వద్దన్న తాత కూడా ఉన్నాడు. ఆయన భార్య నన్ను కూర్చోమనలేదు.

"మాకు రోజు చెప్పింది. తనే ఏసుకోలేదంట. మరి మేమెందుకు ఏసుకోవాలె పంతులమ్మా? నేను ఆ రోజు నుంచి బంద్ పెట్టిన."

నా దగ్గర తీపి మాటలు లేవు. "నిజమే. ఏసుకోలేదు. ఒకటి నొక్కి మనందరిని మోసం చేసింది. ఇప్పుడు లేదు. నువ్వు ఉన్నవు. ఇంకేం చెప్పాలె నీకు?" అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుని కొంగు విదిలించింది. "గట్ల తిడతవేంది పోయినామెను" అంది.

"నా చెల్లె అది. నేను తిట్టక ఎవరు తిడతరు?"

తాత మెల్లగా అన్నాడు. "ఆ గొంతు తియ్యకుండ్రి పంతులమ్మా. బతికున్నామెకు ఒకటని అబద్ధం చెప్పినం. పోయినామెకు ఎట్ల చెప్తం?"

ఆయన భార్య లోపలికి పోయింది. బియ్యం డబ్బా మూత మీంచి గోలీల పట్టీ తీసిన చప్పుడు వినిపించింది.

గొంతు ఉంచాం. దానికి ముందు నా గొంతుతో ఒక్క మాట చేర్చాం. "ఈ మాటలు చెప్పినామె తన గోలీలు మానేసింది, ఇప్పుడు లేదు. గోలి పడకపోతే మానొద్దు, డాక్టరుకు చెప్పండి." నేను వ్యాకరణం తప్పకుండా చెప్పాను. ఎవరూ కట్ చేయలేదట.

నిన్న సాయంత్రం మా ఇంట్లో ఫోన్ మోగింది. ముందు నా గొంతు వచ్చింది. తరువాత ఆమెది. తిన్నరా అంది. తిన్నాను. గోలి అరచేతిలో ఉంది, పక్కన నీళ్ళ గ్లాసు ఉంది. నీళ్ళు తెచ్చుకోండ్రి, నేను ఆగుత అంది. మిల్లు రొద వినిపించింది, ఊపిరి, గాజులు. ఏసుకోకపోతె రెండు నొక్కుండ్రి, నేనేమనుకోను, అర్ధగంటకు మల్ల చేస్త అంది.

ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా రెండు నొక్కలేదు. నిన్న నొక్కాను. గ్లాసు మీద మూత పెట్టి, గోలి అట్లాగే చేతిలో పట్టుకుని, ఆమె మళ్ళీ చేసేదాకా కూర్చున్నాను.