ఏ వేలో చెబుతాను

ఢిల్లీలో ధౌలా కువాన్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి, చక్రాల కుర్చీలో ఉన్న ఒకాయన పక్కన నిలబడ్డాను. ఆయన భార్య శాలువా సర్దుతూ తెలుగులో మాట్లాడుతుంటే పలకరించాను.

"మెడనొప్పి తగ్గుతుందని మెడలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారండీ. మందు వెన్నుపాములోకి వెళ్లిందట. తన కాళ్లతో నడిచి లోపలికెళ్లిన మనిషి, ఆ బల్ల మీంచి మళ్లీ లేవలేదు," అందావిడ. కాళ్లతోపాటు చేతులకూ స్పర్శ పోయిందట.

ఆయన నా వైపు చూశారు. "భయ్యా, ఒక్క సాయం చెయ్యి. కళ్లు మూసుకుంటాను. నా కుడిచేతిలో ఏదో ఒక వేలు గట్టిగా గిల్లు. ఏ వేలో నేను చెబుతాను. మా ఆవిడని గిల్లమంటే ఏడుస్తుంది."

ఆయన కళ్లు బిగించి మూసుకున్నారు. ముక్కూ మొహం తెలియని మనిషిని గిల్లడానికి నాకు చెయ్యి రాలేదు.

"బొటనవేలు! బొటనవేలే కదూ? తెలిసింది, నాకు తెలిసింది!" అన్నారు.

నేనింకా ఆయన్ని ముట్టుకోనేలేదు. ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది.

"అవునండీ," అన్నాను. ఆయన కళ్లు తెరిచేలోగా ఆ బొటనవేలు పట్టుకున్నాను. చల్లగా ఉంది. నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయినా వదల్లేకపోయాను.