ఏడు గుండీల చెడ్డీ

బ్రూస్‌పేటలో దర్జీ ఉచ్చెంగెప్ప కూర్చుని ఉండగా చూసినవాళ్లు ఉన్నారు గాని, కుదురుగా కూర్చుని ఉండగా చూసినవాళ్లు లేరు. ముందు మిషను లేకపోయినా ఆయన కుడిపాదం మిషను తొక్కుతూనే ఉండేది. అన్నం ముందు తొక్కేది, పెండ్లి పందిట్లో తొక్కేది. ఒకసారి చావింటికి పరామర్శకు పోయి, అరుగు మీద గంటసేపు తొక్కి వచ్చాడు. భార్య బసవ్వ దాన్ని జబ్బు అనేది, ఆయన అలవాటు అనేవాడు. చేతిలో పని లేక అట్లా అవుతున్నదని మాత్రం ఇద్దరూ అనేవాళ్లు కారు.

యుద్ధకాలంలో ఆయన కంటోన్మెంటు సిపాయిలకు బట్టలు కుట్టాడు. వస్త్రానికి ఆయన పెట్టిన పరీక్ష ఒక్కటే: తొడుక్కున్నవాడు కంపలో పడి, లేచి, పరుగెత్తి, మళ్లీ పడినా గుండీ ఊడకూడదు. యుద్ధం ముగిసింది. క్యాంపు ఎత్తేశారు. పడిలేచేవాళ్లు కరువై పద్నాలుగేండ్లయింది. ఇప్పుడు దిండుగలీబులు వస్తే దిండుగలీబులు, లేకపోతే అవీ లేవు. అయినా అంగడి మీది ‘మిలిటరీ టైలర్’ బోర్డుకు ఏటా కొత్త రంగు పడేది. ఈ ఏడు కొడుకు మాత్రం, "బోర్డు దించేద్దాం నాయనా, అంగట్లో సోడాలు పెడ్దాం" అన్నాడు.

అట్లాంటి సమయంలో సత్యనారాయణపేట శిశువిహారం పంతులమ్మ సరోజినీదేవి అంగడి మెట్లెక్కింది. కాలువ కింద పొలాలు చేసుకోవడానికి వచ్చిన కోస్తావాళ్ల ఆడపడుచు, మాట మెత్తన.

"ముప్పైమంది పిల్లలండీ. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒక్కలాగే కనపడాలి. అందరికీ ఒకే రకం నిక్కర్లు కుట్టిపెట్టండి. వచ్చే గురువారం ఇన్‌స్పెక్టరమ్మ వస్తున్నారు. ఆవిడకు నచ్చితే తాలూకాలో మిగిలిన పదకొండు శిశువిహారాల పనీ మీదేనండీ."

ఉచ్చెంగెప్ప పాదం ఆగింది. చాలా ఏండ్ల తర్వాత అది ఆగడం బసవ్వ లోపలి నుంచి చూసింది.

ఆ వారంలో ఆ అంగట్లో తయారైనవి చెడ్డీలు అనడం వాటిని అవమానించడమే. మందపు ఖాకీ. జంటకుట్టు. ముందర మూడు గుండీలు, భుజాల మీదుగా పోయే పట్టీలకు ముందు రెండు, వెనక రెండు. వెరసి ఏడు. కాజాలు గుండీకి సరిగ్గా సరిపోయేంత, వెంట్రుకవాసి ఎక్కువ కాదు. మూడేండ్ల మనిషి వీటిని తొడుక్కుని ఏ సరిహద్దుకైనా బయలుదేరవచ్చు.

సోమవారం పొద్దున పిల్లలు తొడుక్కున్నారు. మధ్యాహ్నానికి శిశువిహారం ఆయా హుసేనమ్మ తలమీద తడిగంపతో అంగడి ముందు నిలబడింది.

"ఏమన్నా, పిల్లోల్లకి చెడ్డీలు కుట్నావా, జైలు కట్నావా?"

"ఏమాయె?"

"ఏం కావాల? ఇద్దో, పదైదు. తక్కినవి తీగమీద ఆరతాండాయి. మూడో గుండీ ఇప్పేలోపల పనైపోతాండాది. నాకుండేవి రెండు చేతులు. పిల్లోల్లు ముప్పై మంది, అందరికీ ఒక్కసారే వస్తాది."

"గుండీ ఊడిందా?"

"యాడ ఊడతాది? రాయి మాదిరి ఉండాది."

"అట్లయితే తప్పు చెడ్డీది కాదు," అని ఉచ్చెంగెప్ప తీర్పు చెప్పాడు. "పిల్లోల్లకి డ్రిల్లు లేదు. రేపు నేనొస్తా."

హుసేనమ్మ ఆయనను ఎగాదిగా చూసింది. "రాప్పా. పంచె ఇంకొగటి తెచ్చుకో."

మంగళవారం పది గంటలకు శిశువిహారం వరండాలో ముప్పైమంది సిపాయిలు బారుగా నిలబడ్డారు. ఇద్దరు ముక్కు చీదుతున్నారు, ఒకడు పలక నాకుతున్నాడు. ఉచ్చెంగెప్ప చేతులు వెనక్కు కట్టుకుని బారు వెంట నడిచాడు.

"ఒకటి అంటే పై గుండీ. రెండు అంటే నడిమి గుండీ. ఎవురూ తొందరపడగూడదు. ఒకటీ..."

ముప్పైమంది ముప్పై పొట్టలు పట్టుకున్నారు. బారు చివర సుందరి, మూడేండ్లది, బుద్ధిగా చేయెత్తింది.

"తాతా, వస్తాండాది."

"రెండు అననీ."

"వస్తాండాది తాతా."

ఉచ్చెంగెప్ప మోకాళ్ల మీద కూర్చున్నాడు. పై గుండీ మీద వేలు పెట్టాడు. అది కదల్లేదు. గంజికి బిగిసిన కాజా, తన చేత్తో తానే కొలిచి కుట్టిన కాజా. గోరు పెట్టాడు, రెండు చేతులూ పెట్టాడు. ఒకటి ఊడింది. నడిమిదాని మీద చేయి ఉండగానే ఆ చేతిమీదుగా వెచ్చగా పారింది.

సుందరి ఆయన ముఖంలోకి జాలిగా చూసింది. "నీకీ రాదా తాతా?"

హుసేనమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన చేతులు కడిగింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకు తోచింది.

ఆ మధ్యాహ్నం నుంచి బుధవారం పొద్దుగుంకేదాకా మిషను ఆగలేదు. పట్టీలు పోయాయి. రెండువందల పది గుండీలు పళ్లెంలో పడ్డాయి. నడుముకు రబ్బరు పట్టీ ఎక్కింది. అంతకుముందు రబ్బరు పట్టీని ఆయన తన అంగట్లో అడుగు పెట్టనిచ్చినవాడు కాడు. బసవ్వ దగ్గర కూర్చుని దారాలు కత్తిరించింది. అంతా అయ్యాక ఆయన మళ్లీ సూది తీసుకోవడం చూసి, "ఇంకేంది?" అంది.

"ఏం లేదు." ఒక్కొక్క చెడ్డీకి ముందర ఒక్కొక్క గుండీ కుట్టాడు. దానికి కాజా లేదు, దానితో ఏ పనీ లేదు. "ఊరికే. బోడిగా కనపడతాండాది."

గురువారం ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది. ఉచ్చెంగెప్ప కిటికీ బయట నిలబడి నేలను తొక్కుతున్నాడు. ఆమె గోడమీది బొమ్మలు చూసింది, నీళ్లకుండ చూసింది, సుందరి దగ్గర ఆగి వంగింది. గుండీ పట్టుకుని లాగింది. అది రాలేదు. మళ్లీ లాగింది.

"ఇంత చిన్నపిల్లలకు ఇంత గట్టి గుండీనా? ఎవరు కుట్టారివి?"

సరోజినీదేవి కిటికీవైపు చూసింది. కిటికీ బయట పాదం ఆగిపోయింది.

సుందరి ఈ పెద్దమ్మకూ చేతకాదని తెలుసుకుంది. ఆమె చేయి పక్కకు తోసి, రెండు బొటనవేళ్లతో చెడ్డీని మోకాళ్లదాకా దించి చూపించింది. మళ్లీ పైకి లాక్కుంది. ఇంకోసారి కావాలా అన్నట్టు చూసింది.

ఇన్‌స్పెక్టరమ్మ పుస్తకంలో ఏదో రాసింది. ఆమె జీపు కదిలాక సరోజినీదేవి కిటికీ దగ్గరకు వచ్చింది.

"పదకొండూ మీకేనండీ. కానీ ఒక షరతు రాశారు. గుండీ ఉండకూడదట."

"ఆయ్తు, అట్లే కానీ," అన్నాడు ఉచ్చెంగెప్ప, అప్పటికే అంగడి దారి పట్టి.

వెనక నుంచి హుసేనమ్మ కేకేసింది. "ఇన్నావా అన్నా? గుండీ వద్దంట."

"ఇన్న్యా. బయట కుట్టను."

"అంటే?"

"లోపల కుడ్తా. ఎవురు చూస్తారు?"